అత్తగారి బ్యాకప్

‘పుస్తకం’ అని పేరున్న ఫోల్డరు తెరవగానే అల్లుడి గుండె గుభేలుమంది. అందులో ఏమీ లేదు.

మూసి మళ్ళీ తెరిచాడు. చెత్తబుట్టలో వెతికాడు. అత్తగారి కంప్యూటరు ఆపి, ఓ దణ్ణం పెట్టుకుని మళ్ళీ వేశాడు. ఖాళీ ఫోల్డరు ఖాళీగానే ఉంది.

అతనిది మందులమ్మే ఉద్యోగం. అయినా ఆ ఇంట్లో కంప్యూటర్లకి అతనే వైద్యుడు. అత్తగారింటి మేడ మీద కాపురం పెట్టిన నాటి నుంచీ ఆ బాధ్యత ఎవరూ ఇవ్వకుండానే తీసుకున్నాడు.

అత్తగారి కంప్యూటరుకి వారం వారం బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేరుకి గడువు తీరిపోయింది. అప్‌గ్రేడ్ చేస్తారా చస్తారా అన్నట్టు రోజూ తెర మీద ఒకటే నస. పాతదాన్నే అప్‌గ్రేడ్ చేయడమా, వేరే కంపెనీది వేసుకోవడమా? అల్లుడి ఓటు మొదట్నించీ వేరేదానికే. అడిగితే వద్దంటారని, ఆవిడ బజారుకి వెళ్ళిన అదను చూసి, కొత్తదాన్ని దింపి ప్రయోగం చేశాడు. అది మధ్యలో ఏదో అడిగింది. చదవకుండా ‘సరే’ నొక్కాడు. ఇంకేదో అడిగింది. దానికీ ‘సరే’ నొక్కాడు. అంతా సవ్యంగా ఉందో లేదోనని చివర్లో ఆ ఫోల్డరు తెరిచాడు.

అదీ సంగతి.

అత్తగారు ఉద్యోగమంతా కుట్టు శిక్షణ కేంద్రంలో కత్తిరింపులు నేర్పారు. రిటైరయ్యాక ఆ విద్యంతా పుస్తకంగా రాస్తున్నారు. అచ్చయ్యేదాకా ఒక్క ముక్క కూడా ఎవరికీ చూపించనని ఆవిడ పంతం. మూడేళ్ళుగా ఇల్లంతా ఆ పుస్తకం చుట్టూ తిరుగుతోంది. ఆవిడ గది తలుపు వేసుకుంటే మావగారు టీవీ కట్టేస్తారు. టీ కప్పు గుమ్మం దగ్గర పెట్టి పిల్లిలా వెనక్కి వస్తారు. శిష్యురాళ్ళయితే వచ్చే నెల ఆవిష్కరణ సభకి హాలు కూడా మాట్లాడేశారు.

అలాంటి పుస్తకాన్ని అల్లుడు రెండు ‘సరే’లతో మింగేశాడు.

మిగిలింది ఒక్కటే దారి. వారం వారం తీసిన డిస్క్ ఇమేజ్‌లు, అంటే కంప్యూటరు మొత్తానికీ అచ్చుగుద్దిన నకళ్ళు, బయటి డిస్కులో ఉన్నాయి. కానీ వాటిని ఆ పాత సాఫ్ట్‌వేరే తెరవాలి. అప్‌గ్రేడ్ చేస్తే తప్ప తెరిచేది లేదని అది మొండికేసింది. అప్‌గ్రేడ్‌కి అత్తగారి పాస్‌వర్డ్ కావాలి.

భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నాడు.

“అత్తయ్యగారూ, ఆలోచిస్తే పాతదే నయమనిపిస్తోంది. అప్‌గ్రేడ్ చేసేద్దాం.”

భార్య తల ఎత్తింది. “నిన్నటిదాకా పాతది దండగన్నారుగా?”

“నిన్నటి సంగతి వేరు. పాత బ్యాకప్‌లని అదొక్కటే తెరుస్తుంది. రేపేదైనా అవసరం పడితే?”

వడ్డిస్తున్న అత్తగారి చెయ్యి ఆగింది. “ఆ పాతవన్నీ ఇప్పుడెందుకు అల్లుడుగారూ? మీరన్న ఆ కొత్తదే వేసేయండి.”

అల్లుడు తెల్లబోయాడు. ఈవిడ కొత్తదానికి సై అనడమా! పెళ్ళినాటి కత్తెరకే ఇప్పటికీ సాన పట్టించుకునే మనిషి. కొత్త కుట్టుమిషను కొంటామంటే కొట్టినంత పని చేసిన మనిషి. పోయిన నెల ఇదే మాట తను ఎత్తితే, అలవాటైనదాన్ని కదపొద్దని నోరు మూయించారు కూడా. ఈ ముచ్చట ఇవాళే పుట్టుకురావాలా?

“కొత్తది అంత మంచిది కాదటండీ,” అన్నాడు నీళ్ళు నములుతూ.

“పోనీ ఏదీ వద్దు. పాతవన్నీ చెరిపేయండి. డిస్కులో బోలెడు జాగా కలిసొస్తుంది.”

“చెరిపేయడమా!” అల్లుడు కేక వేసినంత పని చేశాడు.

మావగారు కల్పించుకున్నారు. “ఎందుకే నీకా పట్టుదల? మూడేళ్ళ కష్టం. అతను నీ మంచికేగా చెబుతున్నాడు. ఆ పాస్‌వర్డేదో కొట్టెయ్.”

అత్తగారు వడ్డన సగంలో ఆపి చెయ్యి కడుక్కుని గదిలోకి నడిచారు. వెనకే అల్లుడు. ఆవిడ పాస్‌వర్డ్ కొట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

అప్‌గ్రేడ్ అయింది. పాత ఇమేజ్‌లన్నీ తేదీలవారీగా బుద్ధిగా వరస కట్టాయి. అల్లుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. పోయిన వారానిది తెరిచాడు. ‘పుస్తకం’ ఖాళీ. కంగారుగా పోయిన నెలది తెరిచాడు. ఖాళీ. పోయిన ఏడాదిది తెరిచాడు. అదీ ఖాళీయే.

అప్పుడు గుర్తొచ్చింది. ప్రయోగం చేసేటప్పుడు బయటి డిస్కు తగిలించే ఉంది. కొత్తది దాన్ని కూడా ఊడ్చిపెట్టిందన్నమాట!

ఇక దాచి లాభం లేదు. లేచి వెళ్ళి ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అత్తయ్యగారూ, నన్ను క్షమించండి. మీరు లేనప్పుడు కొత్తది వేసి చూశాను. మీ పుస్తకం మొత్తం పోయింది. పాత నకళ్ళలోంచి కూడా పోయింది. మీ మూడేళ్ళ కష్టాన్ని చేతులారా మట్టిపాలు చేశాను.” సిగ్గుతో, బాధతో అతనికి నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి.

అత్తగారు గబగబా వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

“ఊరుకోండి బాబూ, మీరేం పోగొట్టలేదు,” అన్నారు గొంతు తగ్గించి, “నేనింకా మొదటి వాక్యమే రాయలేదు.”