కొత్తావకాయకి పళ్ళ పంపు సాక్ష్యం

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ సింకు గట్టు మీద పళ్ళ పంపు ఉంటోంది. సన్నటి నీటిధారతో పళ్ళ సందులు కడగడమే కాదు, అక్కణ్ణించి ఏం బయటపడిందో పైకి చెబుతుంది కూడా. దానికి జడిసి మా ఇంట్లో ఎవరూ దొంగతిండి తినరు.

ఈ వేసవిలో అత్తవారింట్లో మొదటిసారి నేను ఆవకాయ కలిపాను. మా అత్తగారు శిరీష దాని వాసన చూసి పెదవి విరిచారు.

"ఆవ ఘాటు చాల్లేదమ్మాయ్. మూడో రోజు తిరగకలిపాక చూద్దాం, బాగోకపోతే పారబోయడమే. అప్పటిదాకా జాడీ మూత ఎవరూ తియ్యకండి," అన్నారు.

నేను బిక్కమొహంతో జాడీ మూత బిగించాను.

రెండో రోజు భోజనాలయ్యాక, అత్తగారు పళ్ళ పంపు ముందు నిలబడి పక్కనున్న కుళాయి పూర్తిగా తిప్పేశారు. ఆ హోరులో దాని మాట ఎవరికీ వినబడదనుకున్నారు కాబోలు. చప్పుడు పెరిగితే అది గొంతు పెంచుతుందని ఆవిడకి తెలీదు.

"కొత్తావకాయ! మామిడి పీచు! ఆవపిండి!" అని వీధి గుమ్మందాకా వినబడేలా అరిచింది.

మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. "జాడీ మూత తీశావా అమ్మా?"

"ఉప్పు సరిపోయిందో లేదో చూడొద్దురా? ఒక్క ముక్క, అంతే!" అన్నారావిడ, కుళాయి కట్టేస్తూ.

"పొద్దున్న కూడా ఇవే వచ్చాయి," అంది పంపు, మామూలు గొంతుతో.

నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. అత్తగారు నా వంక చూడలేదు.

"ఆ జాడీ పై అరలో పెట్టమ్మాయ్," అన్నారు. "నా చేతికి అందకుండా."