రక్తం చెప్పిన మాట

"లేప్పా, ఇంకొక్కసారి. ఈ కట్టె పట్టుకో."

పుష్ప మొగుడి చంకల కింద చేతులు వేసి లేపింది. మారెప్ప పళ్లు బిగించి అడ్డకట్టె పట్టుకున్నాడు. నడుము కింద కాళ్లు తనవి కానట్టే ఉన్నాయి. అట్లే మంచం మీద కూలబడ్డాడు.

ఆదోనిలో లారీకి పత్తి బేళ్లు ఎక్కిస్తూ పడి ఏడు నెలలైంది. పెద్దాసుపత్రిలో కొత్త పరీక్ష చేయించారు. వెన్నుపాముకు ఎంత దెబ్బ తగిలిందో రక్తంలోని జన్యువుల గుర్తులు చెబుతాయట. మారెప్పకు అప్పుడు స్పృహ లేదు. తర్వాత పుష్పే చెప్పింది.

"ఇంత పాలిపోయినోని దగ్గర ఇంగా రక్తం తీస్తారా, ఒక తల్లి బిడ్డలం, నాది తీసుకోండని నీ తమ్ముడు నర్సమ్మతో కొట్లాడినాడు."

నర్సు నవ్వి, ల్యాబు వాళ్లను పిలుచుకు రమ్మని తమ్ముడు ఎర్రిస్వామి చేతిలో చీటీ పెట్టిందట. పుష్ప టీకి పోయి వచ్చేసరికి పని అయిపోయిందన్నాడు. గుర్తులు చాలా బాగున్నాయి, ఆరు నెలల్లో నడుస్తాడని డాక్టరు చెప్పాడు. శ్రావణానికి మొగుణ్ణి నడిపించుకొస్తానని పుష్ప ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంది.

శ్రావణం వచ్చేసింది. రక్తం బాగుందంట, మనిషికే ఒళ్లు వంగదని వీధిలో అనుకుంటున్నారు. పుష్ప ఇన్నాళ్లూ ఆ మాట అనలేదు.

"నీ రక్తం అబద్ధం సెప్తాదా? నాతో సేయించుకోవడమే బాగుందా నీకు?"

మారెప్ప పక్కలో తడిపిన దుప్పటిని ఉండ చుట్టి పట్టుకుని, ఏడుస్తూ బయటికి పోయింది. మారెప్పకు తల కొట్టేసినట్టయింది. తువ్వాలు మొహాన కప్పుకున్నాడు.

ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఎర్రిస్వామి గడప దగ్గరే కూర్చుని ఉన్నాడు. ఈ మధ్య వాడు అన్న మొహం చూడటమే మానేశాడు.

"నీకూ నేనంటే రోతపుట్టింది గదరా?" అన్నాడు మారెప్ప. "రక్తం మంచిదే. నేనే సోమరోన్ని, దొంగోన్ని."

ఎర్రిస్వామి లేచి వచ్చి అన్న పాదాలు పట్టుకున్నాడు. ఆ పట్టు మారెప్పకు తెలియలేదు.

"నువ్వు దొంగవు కాదన్నా."

"మరి రక్తం అట్ల సెప్పిందే?"

ఎర్రిస్వామి తలెత్తలేదు.

"ఆ రక్తం నాదన్నా."