బావగారి నీలిదీపం

బామ్మర్ది పన్నినంత తెలివైన కుట్ర ఈ భూప్రపంచంలో ఇంకెవడూ పన్నలేదు.

బావకి మంచినీళ్ళ సీసాల ఫ్యాక్టరీ ఉంది. ఇద్దరూ కలిసి పొరుగూరు వచ్చారు. మర్నాడు పొద్దున ఓ పెద్ద హోటల్ వాళ్ళతో కాంట్రాక్టు సంతకాలు. బావ మంచం మీంచి లేవలేకపోతే ఆ కాంట్రాక్టు తన పేరున రాయించుకోవాలని బామ్మర్ది ఎత్తు. ఫ్యాక్టరీ గడప ఏనాడూ తొక్కనివాడు సరుకెక్కణ్ణించి తెస్తాడంటారా? అంత దూరం ఆలోచించేవాడైతే ఈ కథెందుకు!

లాడ్జి గదిలో దిగగానే బావ పెన్నులాంటి యూవీ దీపం బయటికి తీశాడు. గ్లాసులో కుళాయి నీళ్ళు పట్టి, దీపాన్ని అందులో ముంచి గిరగిరా తిప్పాడు. గ్లాసంతా నీలంగా వెలిగింది.

"చూశావట్రా? ఈ వెలుగు తగిలిందంటే ఎంతటి క్రిమైనా చచ్చి ఊరుకోవాల్సిందే."

"సంచీ నిండా మన సీసాలే ఉన్నాయిగా బావా! ఒకటి తీసుకోరాదూ?"

"అవి అమ్మడానికిరా."

'పిసినారి పీనుగ! పిల్లికి బిచ్చం పెట్టనివాడు తనకి తాను పెట్టుకుంటాడా?' అనుకున్నాడు బామ్మర్ది.

బావ స్నానానికి వెళ్ళగానే దీపానికి పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి చుట్టాడు. దీపం వెలుగుతూనే ఉంటుంది, కంటికి తేడా తెలియదు. క్రిముల్ని చంపే కిరణం మాత్రం ఆ ప్లాస్టిక్ దాటదు. ఆ సంగతి ఎక్కడో చదివాడు. జన్మలో వాడు చదివింది అదొక్కటే. ఆపైన తను మాత్రం బహు జాగ్రత్తగా సంచీలోంచి ఓ సీసా తీసి గటగటా తాగాడు.

తెల్లారేసరికి మంచంమీద మెలికలు తిరుగుతున్నది బావ కాదు, బామ్మర్ది. బావ అద్దం ముందు నిలబడి ఇస్త్రీ చొక్కాకి గుండీలు పెట్టుకుంటున్నాడు.

"నిన్న దీపానికి ఏదో కాగితం అంటుకునుంటే పీకి పారేశాన్రా. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. నీకేమొచ్చింది? కుళాయి నీళ్ళు గానీ తాగావా?"

"లేదు బావా," మూలిగాడు బామ్మర్ది. "మన సీసానే తాగా. సీలు కూడా నా చేత్తోనే తీశా."

బావ పగలబడి నవ్వాడు. ఈ నవ్వొక్కటీ నేను కల్పించిన ముక్క. నిజానికి నెత్తి కొట్టుకున్నాడు.

"ఓరి వెధవా! ఆ సీసాల్లో మనం ఏం నింపుతామో తెలిసే కదరా నేనీ దీపం మోసుకు తిరిగేది!"