ఎర్ర గీత దాకా

"ఈ ఎర్ర గీత ఎవరు గీశారమ్మా?"

ఇన్‌స్పెక్టర్ ఫోటోను బల్ల మీద ఆమె వైపు తిప్పాడు. ఫోటోలో ట్రాలీ పక్కకు ఒరిగి ఉంది. ఒక చక్రం లేదు. తొట్టి లోపల, అంచుకు జానెడు కిందుగా, చుట్టూ గీసిన ఎర్ర గీత మాత్రం నిన్న వేసినట్టు మెరుస్తోంది.

"మా తమ్ముడు," అంది పెద్దావిడ.

తమ్ముడు పక్క కుర్చీలో, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. అరవై దాటిన వడ్రంగి. ఆర్నెల్ల కిందటే గుండె ఆపరేషన్ అయిన మనిషి.

"దేనికోసం గీశాడు?"

"రంపపు పొట్టు కోసం బాబూ. వారానికోసారి షెడ్డులో పొట్టంతా ఎత్తి ఇటుకల బట్టీకి తోలుతాడు. మరీ అంచు దాకా నింపితే దారంతా ఎగిరి, వెనకాల వచ్చేవాళ్ళ కళ్ళల్లో పడుతుంది. అందుకని గీత."

"అంటే బరువు చూసి గీసింది కాదు."

"కాదు. ఎగరకుండా గీసింది."

ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. కుర్రవాడే. మాట మెత్తన.

"ఆ గీత దాకా టైల్స్ పేరిస్తే ఎంత బరువో తెలుసా? ట్రాలీ మోయగలిగిందానికి మూడు రెట్లు. వంతెన దిగేటప్పుడు ట్రాలీయే ముందున్న జీపును తోసుకుపోయింది. పాపం, జీపు నడుపుతున్న టైల్స్ మేస్త్రి బ్రేకు మీద కాలు తీయకుండానే పోయాడు."

ఆమె తల ఊపింది. కిటికీలో పూలకుండీలు వారం రోజులుగా నీళ్ళు లేక వాడిపోయి ఉన్నాయి. లేచి నీళ్ళు పోయాలని అనుకుంది. లేవలేదు.

"మేస్త్రి భార్య పొద్దుటి నుంచీ స్టేషన్లోనే కూర్చుంది. 'మా ఆయన గీత దాకే వేశాడు, ఒక్క పెట్టె ఎక్కువ వెయ్యలేదు.' ఒకటే మాట. ఏడవడం కూడా లేదు."

"ఏడుపు తర్వాత వస్తుంది," అంది పెద్దావిడ.

రెండు రోజుల్లో వస్తానని ఆసుపత్రికి నడిచి వెళ్ళిన తన భర్త తిరిగి రాకపోతే, పెద్దావిడకు మూడు నెలల దాకా ఏడుపు రాలేదు. పాలగిన్నె తోముతుంటే వచ్చింది.

"చూడండమ్మా, గీత గీయడం తప్పు కాదు. అది పొట్టుకి గీసిందని చెప్పకుండా ట్రాలీ ఎవరిచ్చారో, కేసు వాళ్ళ మీద. రెండేళ్ళు పడొచ్చు." ఇన్‌స్పెక్టర్ కలం ఆపాడు. "ఆదివారం ట్రాలీ ఇచ్చిందెవరు?"

రెండేళ్ళు. ఆ మాటను ఆమె లోపల్లోపల ఒకసారి అనుకుంది.

తమ్ముడు తలెత్తాడు. "సార్, అదీ..."

"నువ్వుండరా. ఆదివారమంతా జ్వరంతో ఒళ్ళు కాలిపోతూ మంచం దిగనివాడివి, నువ్వేం చెబుతావు?" ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "నేనే ఇచ్చాను బాబూ."

"అక్కా!"

"వీడికి చిన్నప్పట్నుంచీ ఇంతే. నా మీద ఈగ వాలినా ఆ దెబ్బ తనకే కావాలంటాడు. మీరు రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కాగితం తిప్పాడు. "ఏం జరిగిందో చెప్పండి."

"టైల్స్ కొట్టువాళ్ళ లారీ రాలేదట. సోమవారం పొద్దున్నే పని మొదలెట్టకపోతే ఇంటివాళ్ళు వేరే మేస్త్రిని పెట్టుకుంటారట. జీపుంది, ట్రాలీ ఇస్తే చాలన్నాడు. ఎంత వేసుకోవచ్చని అడిగాడు. గీత దాకా వేసుకో అన్నాను."

"వేసేది టైల్స్ అని తెలిసే?"

"తెలిసే. ఈ వీధిలో ఆ ట్రాలీ వాడుకోనివాళ్ళు లేరు. పరుపులు, కుర్చీలు, ఎండుటాకులు. అందరూ అడిగేదీ అదే, మేం చెప్పేదీ అదే. నోటికి అలవాటైపోయింది."

"అద్దె?"

"అద్దెలేం లేవు. కడిగి తెచ్చిస్తే చాలు. కడిగే తెస్తానన్నాడు."

తమ్ముడి గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. దగ్గు కాదు.

"ఇస్తుంటే ఎవరైనా చూశారా?"

"ఆదివారం మధ్యాహ్నం. వీధంతా కునుకు తీస్తూ ఉంటుంది."

"మీ వయసు?"

"డెబ్భై ఒకటి. అక్కడ జైల్లో మెట్లెక్కాలా బాబూ? మోకాళ్ళు నా మాట వినవు."

నవ్వాలో వద్దో ఇన్‌స్పెక్టర్‌కు తెలియలేదు. రాసిన కాగితం ముందుకు జరిపాడు. "సంతకం పెట్టేముందు చదువుకోండి. రేపు కాదంటే కుదరదు."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని, వరసల కింద వేలు పెట్టుకుంటూ మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. సంతకం చేసింది. తన చెయ్యి ఎవరిదో అన్నట్టు దాన్నే చూస్తూ కూర్చుంది.

"రేపు పదింటికి స్టేషన్‌కి రండి. మా పై ఆఫీసర్ మళ్ళీ మొదటి నుంచీ అన్నీ అడుగుతారు."

"వస్తాను."

బయట బండి కదిలింది. ఆ చప్పుడు మలుపు తిరిగి, సన్నబడి, పూర్తిగా ఆగిపోయేదాకా ఆమె వింది. ఎవరు వెళ్ళినా అలా వినడం ఆమెకు అలవాటు.

తమ్ముడు బల్ల మీద తల వాల్చేశాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆమె గ్లాసుతో నీళ్ళు తెచ్చి అతని చేతిలో పెట్టింది. జుట్టులో చిక్కుకున్న పొట్టు రెండు వేళ్ళతో ఏరి తీసింది.

"తాగు. మాత్రలు వేసుకున్నావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మాత్రల డబ్బా తెచ్చింది. వేసుకునేదాకా నిలబడింది. తర్వాత కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించింది.

"ఒరేయ్, ఆ మేస్త్రి చూడ్డానికి ఎలా ఉండేవాడురా?"