నీడ కుర్చీ

ఇలా దగ్గరికి జరగండర్రా. చేతిలో పనుంటే పక్కన పెట్టండి. ఇది వింటే మీకూ ఒళ్ళు మండాలి.

ఆ రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది.

పరిశోధనశాల ఆవరణలో పెద్ద డేరా వేశారు. అందులో పెద్ద తెర. ఓ క్వాసార్ బొమ్మని లోకానికి మొదటిసారి చూపించబోతున్నారు.

క్వాసార్ అంటే ఏమిటంటారా? చుక్కలా కనిపిస్తుంది, చుక్క కాదు. ఎక్కడో లోకం చివర ఓ నల్లటి సుడిగుండం. అందులో పడబోయేదంతా గిరగిరా తిరిగి భగ్గున వెలుగుతుంది. ఆ వెలుగు బయలుదేరేటప్పటికి మన భూమే పుట్టలేదు! చుట్టూ దుమ్ము కమ్మేస్తే మామూలు దుర్భిణికి ఆనదు. వేడిని చూసే దుర్భిణికైతే దుమ్ములోంచి కూడా జాడ తెలుస్తుంది.

అందుకే అలాంటిదాన్ని ఆకాశంలోకి పంపారు.

అయితే వేడిని చూసేది తాను చల్లగా ఉండాలి. జ్వరమొచ్చిన చెయ్యి ఇంకొకరి నుదురు పట్టి జ్వరం చెప్పగలదా? అందుకని సూర్యుడికి అడ్డంగా దానికో గొడుగు పట్టారు, ఉల్లిపొరల్లా పొర మీద పొర. ఆ గొడుగుని అక్కడి వాళ్ళు 'నీడ' అనే పిలిచేవారు.

ఆ బొమ్మ కోసం తిండీ నిద్రా మానుకున్న అమ్మాయి ఒకతె ఉంది. అందరూ ఆమెని 'చుక్కల పిల్ల' అనేవారు.

"సార్, అద్దం చేసినవాళ్ళని పిలిచారు, రాకెట్ వాళ్ళని పిలిచారు. నీడ చేసినవారిని పిలవరా?" అని డైరెక్టరు ప్రాణం తీసి, ముందు వరుసలో ఒక కుర్చీ వేయించింది. దాని మీద 'నీడ' అని అట్టముక్క పెట్టింది.

ఆ పెద్దవారు ఎప్పుడో ఉద్యోగం మానేశారు. ఇక్కడ ఎవరూ చూసినవాళ్ళు లేరు. పాత కంపెనీ ద్వారా కబురంపితే, "వారు వస్తామన్నారు" అని జవాబొచ్చింది. అంతే.

ఇంకా సభ మొదలవలేదు. ఓ ముసలావిడ, చేతిలో పాత సంచీతో, ఆయాసపడుతూ డేరా ముందున్న చుక్కల పిల్ల దగ్గరికొచ్చింది.

"అమ్మాయ్, తెరకి దగ్గరగా కాస్త చోటుందా? నా చూపు ఆనడం లేదు. ఇక ఎన్నాళ్ళో నిలవదన్నాడు డాక్టరు. ఆ బొమ్మ ఒక్కసారి కళ్ళారా చూసి పోతా."

"అయ్యో పెద్దమ్మగారూ! ముందు ఒక్కటే ఖాళీ. అదేమో నీడ సారుది."

"ఎలా ఉంటారమ్మా ఆయన?"

"నేనూ చూడలేదండీ. మహా గొప్పవారు. ఆయనే లేకపోతే మా దుర్భిణి గుడ్డిది!"

"అబ్బో, అంతటి వాడే!" ముసలావిడ పకపకా నవ్వింది.

ఇంతలో డైరెక్టరు దూసుకొచ్చాడు. "ఎవరీవిడ?"

"అయ్యా, ఆ నీడ..."

"నీడ కావాలంటే ఆ గోడ పక్కకి పోండమ్మా! ఇదేమన్నా బస్టాండా?"

"కాదు నాయనా, నేను ఆ నీడ..."

"అర్థమైంది! అందరికీ ఎండగానే ఉంది!"

ఆయన డేరా కింద నిలబడి ఆ మాట అన్నాడు, చూశారా?

"సార్, ఆయన వచ్చేదాకా కూర్చోనివ్వండి," అంది చుక్కల పిల్ల.

"టీవీ వాళ్ళు వచ్చి ఉన్నారు. ముందు వరుసలో ఈ సంచీ కనపడాలా? ఈ పూట వేదిక మీద నీ పేరు వినపడాలని ఉందా లేదా?"

అమ్మాయి ఒకసారి వేదిక వైపు చూసింది.

ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని గోడ దాకా తీసుకెళ్ళి, నీళ్ళ సీసా ఇచ్చింది. మిట్టమధ్యాహ్నం గోడకి మాత్రం నీడెక్కడిది?

"పోన్లే తల్లీ," అంది ముసలావిడ. "ఆ కుర్చీకి ఎండ తగలకుండా చూసుకోండి."

సభ మొదలైంది. డైరెక్టరు 'నేను' అన్నాడు, 'నా' అన్నాడు, మళ్ళీ 'నేను' అన్నాడు. చివరికి తెర మీద ఎర్రటి చుక్క వెలిగింది. డేరా దద్దరిల్లేలా చప్పట్లు.

గోడ దగ్గర ఆవిడ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూస్తోంది. చప్పట్లు ఆగేసరికి లేదు.

చుక్కల పిల్ల పేరు మాత్రం ఎవరూ తలవలేదు.

"చూశావా, నీ నీడ సారు బలుపు! కుర్చీ వేసి పిలిచినా రాలేదు," అంటూ డైరెక్టరు పాత కంపెనీ వాళ్ళిచ్చిన నంబరుకి, అమ్మాయికి కూడా వినపడేలా ఫోను కలిపాడు. "వారు బయలుదేరలేదా అండీ?"

అవతల ఓ ఆడపిల్ల గొంతు. "తెల్లారగానే బయలుదేరారండీ. ఒంటరిగా వద్దంటే విన్నారా? చూపు ఆనదు కదా, తెరకి దగ్గరగా కూర్చోబెట్టారా?"

చుక్కల పిల్ల గోడ దగ్గరికి పరుగెత్తింది.

మూత తియ్యని నీళ్ళ సీసా ఒక్కటే ఉంది అక్కడ.

మన మర్యాద మాటకి ఆడా మగా లేదర్రా. 'వారు' అనగానే అంత చదువుకున్న వాళ్ళూ మీసాలు ఊహించుకున్నారు!

బొమ్మ పెద్దదిగా అచ్చు వేయించి చుక్కల పిల్ల ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆవిడ చూపు పూర్తిగా పోయింది. కాగితాన్ని అరచేత్తో తడిమి, "పైన మన దుర్భిణి చల్లగానే ఉందా తల్లీ?" అని అడిగింది. ఇంకేమీ అడగలేదు.

గుర్తుంచుకోండి. ఖాళీ కుర్చీకి కాపలా కాసేవాళ్ళు ఎక్కడ కనపడితే అక్కడ ఈ కథ చెప్పండి, ఈ ఒక్క మాట మాత్రం మింగెయ్యకండి: ఆ మధ్యాహ్నం ఆవిడ నీడ అడగలేదు, ఆ నీడ చేసింది తానేనని చెప్పబోయింది.