అమ్మ మిషన్ చప్పుడు

యోహాన్ లూప్ పెడల్ నొక్కాడు. పక్కగదిలో అమ్మ తొక్కుతున్న కుట్టుమిషన్ చప్పుడు మైకులో పడి, ఆ ముక్కే బీటులా మళ్లీ మళ్లీ మోగడం మొదలైంది.

“అదెందుకురా? లాప్‌టాప్‌లో నాను మంచి బీటు కట్ చేసిత్తాను కదా,” అంది అక్క మిరియం, రికార్డింగ్ నొక్కుతూ.

“కట్ చేస్తే పేణముండదక్కా. లైవ్‌లో దొరికిందే పాట.”

దాని మీద గిటారు వేశాడు. హమ్మింగ్ వేశాడు. మళ్లీ గిటారు.

“అమ్మనిక ఆపమనరా. పొద్దున్నించీ గుండె పట్టేసినట్టుందని అన్నాది.”

“సెప్పినా ఇనదక్కా. సాయంత్రం చర్చికి ఆ జాకెట్లు ఇచ్చెయ్యాలంట. అదిగో, కుడతానే ఉంది.”

మిరియం తెర మీద మిషన్ చప్పుడు గీతలు చూస్తూ ఆగిపోయింది.

“తమ్ముడూ, కాలితో తొక్కే మిషన్ రెండుసార్లు ఒక్కలా మోగదు కదా?”

“మోగదు. ఏటైంది?”

“మొదట్లో నీ లూపూ, అమ్మ మిషనూ కలిసి ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఇక్కణ్నించి అన్నీ అచ్చుగుద్దినట్టున్నాయిరా. పదకొండు నిమిషాలుగా నీ లూపొక్కటే.”

లూప్ ఆపడానికి యోహాన్ పెడల్ నొక్కాడు.

ఇంట్లో మిషన్ చప్పుడు ఆగిపోయింది.