పచ్చరాయి ఉంగరం

టేకు కుర్చీ మీద పాత దుప్పటి పరిచాకే ఆ ముసలాయన్ని కూర్చోమన్నారు.

"ఎవరండీ ఈయన?" చిత్రకారుణ్ణి అడిగాడు ఇంటాయన. మూడంతస్తుల ఫర్నిచర్ షోరూముకి ఓనరు కాబట్టి అందరూ షోరూమాయన అనేవారు.

"మీ నాన్నగారికి బదులు కూర్చోడానికి సార్."

కొత్త ఇంటి హాల్లో గోడంత ఆయిల్ పెయింటింగు పెట్టాలని షోరూమాయన ముచ్చట. నడుమ కుర్చీలో పోయిన తండ్రి, పక్కన తల్లి, వెనక తనూ భార్యా. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకోవాలి.

తండ్రికి మిగిలింది గుర్తింపు కార్డు ఫోటో ఒక్కటే. అదీ మెడ దాకానే.

"మెడ కింద భాగానికి ఆ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి కావాలి సార్. మీ నాన్నగారి బొమ్మకని నలుగురికీ చెబితే, ఈయనే వెతుక్కుంటూ వచ్చాడు."

షోరూమాయన తన కోటు తెచ్చి ముసలాయనకి తొడిగించాడు.

"మీ నాన్నగారు కోటు వేసుకునేవారా బాబూ?"

"నీకెందుకయ్యా? చెప్పినట్టు కూర్చో."

తండ్రి ఏనాడూ కోటు మొహం చూడలేదు. రంపం మిల్లులో దుంగలు కోసి కొడుకుని పైకి తెచ్చిన మనిషి. షోరూమాయనకి నామోషీ అంతా ఆ మిల్లు దగ్గరే. ఇంటికి ఎవరొచ్చినా తండ్రి, "మా మిల్లులో ఒకసారి ఏమైందంటే..." అని మొదలెట్టేవాడు.

"నాన్నా, మళ్ళీ ఆ మిల్లు కథేనా!" అని కొడుకు కసిరేవాడు.

పాపం, ఆ కథ ఆ ఇంట్లో ఎన్నడూ సగం దాటలేదు.

ముసలాయన కుర్చీలో ఎడమ పక్కకి కాస్త ఒరిగాడు.

"మా నాన్న అలా కూర్చోడు. నిటారుగా!"

"అలాగే బాబూ."

అప్పుడు కంటబడింది ఆ చెయ్యి. ఎడమ చేతికి చివరి రెండు వేళ్ళూ లేవు.

"ఇదేమిటండీ! మా నాన్నకి పది వేళ్ళూ శుభ్రంగా ఉండేవి. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే?"

ముసలాయన చెయ్యి గబుక్కున జేబులో పెట్టుకున్నాడు. నవ్వాడు కూడా.

"వేళ్ళు పెట్టెయ్యండి సార్" అన్నాడు చిత్రకారుడితో. "ఆయనకి పదీ ఉండాల్సిందే."

"పనిలో పని, ఉంగరపు వేలికి ఓ పచ్చరాయి ఉంగరం కూడా తగిలించండి" అన్నాడు షోరూమాయన.

ముసలాయన నాలుగు రోజులు కూర్చున్నాడు. దాహమేస్తే బయట కుళాయి దగ్గర దోసిలి పట్టి తాగాడు. గ్లాసు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

ఆఖరి రోజు గుమ్మంలో ఆగాడు.

"బొమ్మ అయ్యాక ఒక్కసారి వచ్చి చూసిపోనా బాబూ?"

"ఎందుకు? అందులో నీ మొహం ఉండదుగా!"

"నా మొహం కోసం కాదు బాబూ..."

ఇంకేదో అనబోయి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బొమ్మ మొదలవకముందే కూతురింటికి వెళ్ళిన షోరూమాయన తల్లి, కంటి ఆపరేషన్ చేయించుకుని నెల తర్వాత ఇల్లు చేరింది. అప్పటికి బొమ్మ గోడెక్కింది. ఆవిడ దాని ముందు చాలాసేపు నిలబడింది.

"ఎలా ఉందమ్మా?"

"మొహం ఆయనదేరా. కూర్చున్న తీరే ఆయనది కాదు. ఎడమ పక్కకి ఒరిగి కూర్చునేవారుగా?"

షోరూమాయనకి తల కొట్టేసినట్టయింది. తనకి తెలియని ఆ ఒరుగు ఎవరో దారినపోయేవాడికి ఎలా తెలిసింది?

"ఎవర్రా కూర్చుంది?"

"ఎవరో ముసలాయన అత్తయ్యా" అంది కోడలు. "ఎడమ చేతికి చివరి రెండు వేళ్ళూ లేవు. మేమే పెట్టించాం."

తల్లి గబుక్కున కొడుకు వైపు తిరిగింది.

"పిలువు ఆయన్ని. ఇప్పుడే పిలువు."

షోరూమాయన చిత్రకారుడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఆయనా సార్? బొమ్మ నా దగ్గరున్నప్పుడు చూపించమని రెండుసార్లు వచ్చాడు. మీరు వద్దన్నారని కప్పిన గుడ్డ తియ్యలేదు. మొన్న ఆదివారం చనిపోయాడట."

కుళాయి కింద పట్టిన ఆ దోసిలి షోరూమాయన కళ్ళ ముందు కదిలింది. మూడు వేళ్ళ చేతిలోంచి సగం నీళ్ళు కారిపోతుంటే కిటికీలోంచి చూసి నవ్వుకున్నాడు తను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు చచ్చేంత సిగ్గేసింది.

"ఎవరమ్మా ఆయన?" అడిగాడు.

"మీ నాన్న చెప్పబోతే నువ్వు విననే వినని సగం కథరా ఆయన" అంది తల్లి. బొమ్మలో మెరుస్తున్న పచ్చరాయి మీంచి ఆవిడ చూపు కదల్లేదు. "మీ నాన్న చెయ్యి రంపంలోకి పోతుంటే ఆయన తన చెయ్యి అడ్డం పెట్టి లాగాడు. నువ్వు ఉంగరం తొడిగించావే, ఆ వేలూ, దాని పక్క వేలూ ఆ రోజు పోయినవే."